సందేహాలు – సమాధానాలు: మధ్యధరా తీరాన ఇద్దరు, ఒక వ్యాను

ప్రశ్న: నా వయసు 57, మావారి వయసు 61. వచ్చే మే నెలలో బార్సిలోనాలో క్యాంపర్‌వ్యాను (లోపలే పడక, వంటిల్లు ఉండే బండి) అద్దెకు తీసుకుని, ఫ్రాన్స్‌లోని నీస్ మీదుగా ఇటలీలో జెనోవా దాకా వెళ్లి, 16 రోజుల్లో తిరిగి రావాలన్నది ఆయన ఆలోచన. హోటల్ ఖర్చు ఉండదని, సముద్రపు ఒడ్డున నచ్చిన చోట ఆగి పడుకోవచ్చని అంటున్నారు. మన లైసెన్సుతో అక్కడ నడపనిస్తారా? నిజంగా ఒడ్డునే రాత్రి ఉండనిస్తారా? అన్నం, పప్పు వ్యానులోనే వండుకోవచ్చని కూడా అంటున్నారు. అంత దూరం వెళ్లి మళ్లీ నేను గిన్నెలు తోముకోవడమేనా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: మీవారి కోరికలో తప్పు లేదు, దూరమే మితిమీరింది. బార్సిలోనా నుంచి జెనోవాకు రానూపోనూ దాదాపు 1,700 కిలోమీటర్లు. అదీ పెద్ద రహదారి పట్టుకుని వెళితే లెక్క. సముద్రం కనిపించే దారిలో వెళితే ఇంకా పెరుగుతుంది. అలా తిరిగితే మీకు గుర్తుండేది డ్రైవింగ్ సీటే తప్ప సముద్రం కాదు. కనుక జెనోవాను వదిలేయండి. నీస్‌కు కూడా వ్యాను తీసుకెళ్లవద్దనే నా సలహా. కొండకూ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న ఆ ఊళ్లలో ఆరు మీటర్ల బండిని నిలపడానికి చోటు వెతుక్కోవడమే ఒక పూట పని. తప్పక చూడాలనుకుంటే, వ్యానును ఫ్రాన్స్‌లోని ఆర్ల్ ఊరి దగ్గర క్యాంపింగ్‌లో (రుసుము కట్టి విడిది చేసే స్థలంలో) ఉంచి, మార్సెయ్ మీదుగా రైల్లో వెళ్లి నీస్‌లో ఒక రాత్రి హోటల్లో ఉండండి. నీస్ నుంచి మొనాకో, మాంతోన్ మీదుగా ఇటలీ సరిహద్దు దాకా వెళ్లే రైలు దాదాపు నీటి అంచునే నడుస్తుంది.

ఇక ఒడ్డున పడుకునే సంగతి. స్పెయిన్‌లో బండి నిలపడం వేరు, విడిది చేయడం వేరు అని నిబంధనలు స్పష్టంగా చెబుతాయి. పార్కింగ్‌కు అనుమతి ఉన్న చోట వ్యాను చక్రాలు మాత్రమే నేలను తాకుతూ, గీసిన గడి దాటకుండా ఉన్నంతవరకు, లోపల మీరు నిద్రపోతున్నా అది నిలిపిన బండి కిందే లెక్క. పందిరి గుడ్డ చాచినా, కుర్చీ బయట వేసినా, నీళ్లు నేల మీదకు వదిలినా అది విడిది అవుతుంది, జరిమానా పడుతుంది. ఇటలీ రోడ్డు చట్టంలోని 185వ అధికరణం కూడా ఇదే భేదాన్ని పాటిస్తుంది. ఫ్రాన్స్‌లో సముద్ర తీరం మీద విడిది చేయడం నిషిద్ధం. దానికి తోడు తీరంలోని చాలా మునిసిపాలిటీలు వ్యాన్లు రాత్రిపూట ఆగరాదని బోర్డులు పెట్టాయి. అందుకు బదులుగా 'ఎయిర్ ద క్యాంపింగ్‌కార్' పేరుతో వ్యాన్ల కోసమే స్థలాలు కేటాయించాయి. మంచినీళ్లు పట్టుకునే కుళాయి, వాడిన నీళ్లు వదిలే తూము సాధారణంగా అక్కడే ఉంటాయి. వాటిలో కొన్ని చెట్టూ చేమా లేని తారు మైదానాలేనని ముందే తెలుసుకుంటే నిరాశ పడరు.

బోర్డు లేని చోట ఎత్తైన బండ్లను ఆపే ఇనుప కమ్మీ ఉంటుంది. నేనూ మా ఆవిడా వెళ్లినప్పుడు, ఒక సాయంత్రం అలల చప్పుడు వినిపించేంత దగ్గరలో పార్కింగ్ స్థలం కనిపించింది. సంబరంగా మలుపు తిప్పాక చూస్తే, దారికి అడ్డంగా కమ్మీ, దాని మీద '1.90 మీ.' అన్న అక్షరాలు. మా వ్యాను ఎత్తు 2.60. వెనుక నాలుగు కార్లు. ఆవిడ దిగి, వెనక్కి నిలబడి, "రండి, రండి, కొంచెం ఎడమకు, అయ్యో ఆగండి!" అంటూ నన్ను మళ్లీ రోడ్డెక్కించేసరికి చీకటి పడింది. ఆ రాత్రి మేము పడుకున్నది ఒక ద్రాక్షతోట పక్కన, సముద్రానికి ఎనిమిది కిలోమీటర్ల దూరంలో.

లైసెన్సు గురించి దిగులు అక్కరలేదు. మీ రవాణా శాఖ కార్యాలయంలో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి. అది ఒక ఏడాది చెల్లుతుంది. దానితో పాటు అసలు లైసెన్సు కూడా దగ్గర ఉండాలి. అద్దెకు ఇచ్చే వ్యాను మొత్తం బరువు 3,500 కిలోల లోపు ఉండేలా చూసుకోండి, ఎందుకంటే అక్కడ మామూలు కారు లైసెన్సుకు హద్దు అదే. అసలు ఇబ్బంది కాగితంతో కాదు, చేతులతో. బండి రోడ్డుకు కుడివైపున నడుస్తుంది, గేర్లు కుడిచేత్తో వేయాలి. నలభై ఏళ్లుగా ఎడమచేత్తో గేర్లు మార్చిన మనిషి మొదటి రోజు గేరు వేయబోయి తలుపు పిడి పట్టుకుంటారు. కాబట్టి తొలి రెండు రోజులు 100 కిలోమీటర్లు దాటకండి. రౌండ్‌అబౌట్‌లో ఎడమ నుంచి వచ్చేవారికి దారి ఇవ్వాలని పక్కన కూర్చున్న మీరు గుర్తు చేస్తూ ఉండండి.

దారి విషయానికి వస్తే, బార్సిలోనా నుంచి ఫిగేరస్, అక్కడి నుంచి పోర్ట్‌బౌ, సరిహద్దు దాటి సెర్బేర్, బన్యూల్స్, కొలియూర్ వరకు తీరం వెంట వెళ్లే పాత రోడ్డు ఉంది. మలుపులు ఎక్కువ, వేగం తక్కువ. ఒకవైపు మెట్లు మెట్లుగా చెక్కిన ద్రాక్షతోటలు, మరోవైపు నీలం. మొత్తం ప్రయాణంలో ఈ ముక్క కోసమైనా వెళ్లవచ్చు. 1905 వేసవిలో మతీస్, దెరాన్ అనే చిత్రకారులు కొలియూర్‌లో కూర్చుని వేసిన రంగులు ఎందుకంత ఘాటుగా ఉంటాయో ఉదయం ఎనిమిది గంటలకు ఆ రేవు చూస్తే తెలుస్తుంది. అయితే వ్యానును ఊరి బయటే ఉంచి నడిచి వెళ్లండి.

కొలియూర్ దాటి పెర్పిన్యాన్ మైదానంలోకి దిగాక ట్రామొంటాన్ గాలి, రోన్ నది దగ్గరకు వచ్చేసరికి మిస్ట్రాల్ గాలి. మిస్ట్రాల్ గంటకు 100 కిలోమీటర్లు దాటి వీచే రోజులుంటాయి, ఆకాశంలో మాత్రం ఒక్క మబ్బు ఉండదు. తుపానంటే వాన అనుకునే మన కళ్లకు అది మోసమే. ఎత్తైన వ్యాను పక్కకు ఊగుతుంది, అలాంటి రోజున కదలకుండా ఉండటమే మేలు. సేత్ దగ్గర అలల కోతకు తట్టుకోలేక తీరం వెంట ఉన్న రోడ్డునే తీసి లోపలికి జరిపారు. కాకినాడ–ఉప్పాడ రోడ్డు చూసినవారికి ఈ సంగతి వేరే వివరించనక్కరలేదు.

రోన్ నది సముద్రంలో కలిసే కమార్గ్ ప్రాంతం దాకా వెళ్లి, అక్కడి నుంచి వెనక్కి తిరగండి. రాజహంసలు, గులాబీ రంగు ఉప్పుమడులు, వాటి పక్కనే వరి పొలాలు. ఫ్రాన్స్‌లో వరి పండే ప్రధాన ప్రాంతం ఇదే. ఏటా మే 24న సెయింత్ మరీ ద లా మేర్ అనే ఊళ్లో రోమా (జిప్సీ) ప్రజలు తమ నల్లని తల్లి సారా విగ్రహాన్ని భుజాల మీద మోసుకుని సముద్రంలోకి దిగుతారు. వీరి పూర్వీకులు మన దేశం నుంచి వెళ్లినవారే. నీళ్లను ఇప్పటికీ 'పానీ' అనే అంటారు. విగ్రహాన్ని అక్కడ వదిలేయరు, మళ్లీ గుడికి తెస్తారు, అయినా ఆ దృశ్యం చూస్తే నిమజ్జనం గుర్తుకు రాక మానదు. ఆ రోజుల్లో ఊరంతా వ్యాన్లతో నిండిపోతుంది, ముందే చోటు మాట్లాడుకోండి.

చివరికి మీ మూడో సందేహం. వ్యానులో మంచినీళ్లు సుమారు 100 లీటర్లు ఉంటాయి. ఇద్దరి స్నానాలు, వంట, గిన్నెలు అన్నీ అందులోనే. కాబట్టి రోజుకు ఒక పూటే వండండి, రెండో పూట బయట తినండి. ఇక మరుగుదొడ్డి కింద సూట్‌కేసంత డబ్బా ఒకటి ఉంటుంది, 18 లేదా 20 లీటర్లది. రెండు మూడు రోజులకు ఎర్ర దీపం వెలుగుతుంది. అప్పుడు దాన్ని బయటకు లాగి, చక్రాల మీద ఈడ్చుకెళ్లి, తూములో వంపి, కడిగి తేవాలి. గిన్నెలు మీ వంతయితే ఆ డబ్బా ఆయన వంతని టికెట్లు కొనకముందే తేల్చుకోండి. హోటల్ ఖర్చు మిగులుతుందన్న మాట కూడా పూర్తి నిజం కాదు. అద్దె, డీజిల్, ఫ్రాన్స్‌లో టోల్, క్యాంపింగ్ రుసుము కలిపితే ఇద్దరికి రైలూ, చిన్న హోటలే చవక పడవచ్చు. రెండు మీటర్లు దాటిన బండికి ఫ్రాన్స్‌లో కారు కన్నా ఎక్కువ టోల్ పడుతుంది. స్పెయిన్ వైపు తీర రహదారి మాత్రం 2021 సెప్టెంబరు నుంచి సరిహద్దు దాకా ఉచితం.

ప్రశ్న: మేమిద్దరం ఇలాంటి యాత్రకే సిద్ధమవుతున్నాం. రెండు దేశాలకు రెండు వీసాలు కావాలా?
– ఒక పాఠకుడు, గుంటూరు

సమాధానం: యూరప్‌లోని చాలా దేశాలకు ఉమ్మడిగా చెల్లే షెంగెన్ వీసా ఒక్కటి చాలు. ఏ దేశంలో ఎక్కువ రోజులు ఉంటారో ఆ దేశానికి దరఖాస్తు చేయాలి. రోజులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. విమానం బార్సిలోనాలో దిగినంత మాత్రాన స్పెయిన్‌కే దరఖాస్తు చేయాలనుకోవద్దు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి.

ప్రశ్న: వ్యానులో రైస్ కుక్కర్ పనిచేస్తుందా? నెయ్యి, ఆవకాయ, కరివేపాకు తీసుకెళ్లవచ్చా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: క్యాంపింగ్‌లో కరెంటు తీగ తగిలించుకున్నప్పుడు పనిచేస్తుంది, బయట ఆగినప్పుడు గ్యాసే దిక్కు. ఫ్రాన్స్‌లో చాలా చోట్ల 6 ఆంపియర్లే ఇస్తారు, అంటే 1,400 వాట్లకు లోపే. 700 వాట్ల కుక్కర్ నడుస్తుంది, దాంతో పాటు నీళ్లు కాచే కెటిల్ పెడితే ఫ్యూజు పోతుంది. ఆవకాయకు అభ్యంతరం లేదు. మాంసం పచ్చళ్లు, పాల పదార్థాలు యూరోపియన్ యూనియన్‌లోకి తేకూడదు కాబట్టి నెయ్యి, కోవా ఇంట్లోనే వదిలేయండి. పచ్చి కరివేపాకుకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. ఆ పత్రం లేకుండా అనుమతించేవి అయిదే అయిదు పండ్లు: అనాస, అరటి, కొబ్బరి, ఖర్జూరం, డ్యూరియన్.