తడి ప్రక్రియల్లో కొత్తది కనిపెట్టాలనుకునే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, బాబాయి ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. ఏ ఆమ్లంలో ఏ కొత్త పదార్థం కలిపితే పేటెంటుకు పనికొస్తుందని అడిగావు. ఆ ప్రశ్నను కొన్నాళ్లు పక్కన పెట్టమంటాను. వెట్ ప్రాసెసింగ్‌లోకి, అంటే చిప్పుల తయారీలో ద్రవాలతో కడిగే, కరిగించే పనిలోకి, కొత్తగా వచ్చినవాళ్ల చూపంతా ట్యాంకులో ఉన్న ద్రవం మీదే ఉంటుంది. ఎంత గాఢత, ఎంత వేడి, ఎన్ని నిమిషాలు అని లెక్కలు వేస్తూ ఉంటారు. అవీ కావలసినవే. కానీ వేఫర్, అంటే చిప్పులు తయారయ్యే పలచని సిలికాన్ పలక, ద్రవంలో మునిగి ఉన్నంతసేపు దానికి వచ్చే ముప్పు తక్కువ. ద్రవం మొదట తాకేటప్పుడు, ఒక ద్రవం తప్పుకుని ఇంకొకటి వచ్చేటప్పుడు, అన్నిటికన్నా ఆఖరి నీటి పొర వేఫర్‌ను వదిలిపోయేటప్పుడు ఎక్కువగా పాడవుతుంది. కనిపెట్టవలసినవి ఇంకా మిగిలి ఉన్నదీ అక్కడే. ఈ రాకపోకలను గమనించడం అలవాటు చేసుకో.

ముందుగా ఒక పని చెయ్యి. పలచని హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలోంచి పైకి లేస్తున్న ఉత్త సిలికాన్ వేఫర్‌ను టూల్ (కడిగే యంత్రం) కిటికీలోంచి తదేకంగా చూడు. లోపలికి దిగేటప్పుడు దాని మీద గాలికి పట్టిన పలచని ఆక్సైడ్ ఉంటుంది, అందుకే నీళ్లు దాని మీద పొరలా పరుచుకుంటాయి. ఆమ్లం ఆ ఆక్సైడ్‌ను కరిగించేశాక సిలికాన్ పైవరస అణువులకు హైడ్రోజన్ పట్టుకుంటుంది. అప్పటి నుంచి ఆ వేఫర్ నీటిని దగ్గరికి రానివ్వదు. పైకి లేస్తుంటే ద్రవం జారిపోయి ముఖం పొడిగా, అద్దంలా బయటికొస్తుంది. కింది అంచున మాత్రం ఒక చుక్క వేలాడుతూ ఉంటుంది. ఆ చుక్క ఎటు పోతుందో, ఎంతసేపు ఉంటుందో చూడు. తర్వాత వేఫర్ మీద లోపాలు ఎక్కడున్నాయో చూపే డిఫెక్ట్ మ్యాప్ తెరిచి, అదే చోట పార్టికల్స్ (సూక్ష్మమైన రేణువులు) గుంపుగా ఉన్నాయేమో పోల్చుకో.

నమూనా గీసిన వేఫర్ అయితే వ్యవహారం ఇంకా చిక్కు. ఒక చోట ఆక్సైడ్, పక్కనే ఉత్త సిలికాన్ ఉంటాయి. ఆక్సైడ్ నీటిని పట్టుకుంటుంది, సిలికాన్ వదిలించుకుంటుంది, దాంతో నీటి పొర చెదిరి చుక్కలవుతుంది. గాలిలోని ఆక్సిజన్ ఆ చుక్కలోకి దిగి సిలికాన్‌ను కొద్దికొద్దిగా ఆక్సైడ్‌గా మారుస్తుంది, అది నీటిలో కరుగుతుంది, చుక్క ఆరాక మరకగా మిగులుతుంది. మనం వాటర్‌మార్క్ అనేది దాన్నే. నీటిలో ఆక్సిజన్ తీసెయ్యడం, చుట్టూ నైట్రోజన్ నింపడం, అసలు పొర చుక్కలుగా విడిపోకుండా చూడడం, ఈ మూడు దారుల్లోనూ జనం పని చేశారు. మూడూ పుట్టింది ఆ చుక్కను గమనించడంలోంచే.

ఆరబెట్టడం గురించి కాస్త ఎక్కువగానే రాస్తాను, ఎందుకంటే ఈ రంగంలో నాకు అన్నిటికన్నా అందంగా కనిపించిన ఆవిష్కరణ అక్కడే ఉంది. ఫిలిప్స్ సంస్థ పరిశోధకులు 1990లో మారంగోనీ డ్రైయింగ్ అనే ఆరబెట్టే పద్ధతి గురించి ప్రచురించారు. నీటిలోంచి వేఫర్‌ను మెల్లగా పైకి తీస్తూ, నీరు వేఫర్‌ను తాకే గీత దగ్గర నైట్రోజన్‌తో కలిపి కొద్దిగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఆవిరిని ఊదుతారు. ఆ గీత దగ్గర నీరు చాలా పలచగా ఉంటుంది కాబట్టి ఆల్కహాల్ శాతం అక్కడ త్వరగా పెరుగుతుంది, తలతన్యత తగ్గుతుంది. కింద ఉన్న నీటికి తలతన్యత ఎక్కువ. నీటిది మీటరుకు 72 మిల్లీన్యూటన్లయితే ఆల్కహాల్‌ది 22 లోపే. ఎక్కువ ఉన్న వైపు తక్కువ ఉన్న వైపును లాక్కుంటుంది, దాంతో పలచని పొర తనంతట తానే కిందికి జారిపోతుంది. ఆవిరై మరక మిగిల్చేంత నీరు పైన ఉండదు. అక్కడ కొత్త రసాయనం ఏదీ లేదు, గమనించావా? ఆల్కహాల్ అప్పటికే ప్రతి ఫ్యాబ్‌లోనూ (చిప్పుల కర్మాగారంలోనూ) ఉంది. దాన్ని ఎక్కడ, ఎంత తక్కువగా, ఏ క్షణంలో ఇవ్వాలన్నదే కిటుకు.

తర్వాత వేఫర్ మీద చెక్కే నమూనా గీతలు సన్నబడ్డాయి, వాటి ఎత్తు పెరిగింది. రెండు గీతల మధ్య చిక్కిన ద్రవం ఆరేటప్పుడు వాటిని ఒకదాని మీదికి ఒకటి లాగి కూల్చేయడం మొదలైంది. ఆ లాగే ఒత్తిడి ద్రవం తలతన్యతనూ, అది గోడను తాకే కోణపు కొసైన్‌నూ బట్టి పెరుగుతుంది, గీతల మధ్య ఖాళీ తగ్గేకొద్దీ ఎక్కువవుతుంది. ఖాళీని డిజైన్ నిర్ణయిస్తుంది, మన చేతిలో లేదు. తలతన్యత తగ్గిద్దామనుకున్నవాళ్లు నీటి బదులు వేడి ఆల్కహాల్ వాడారు. దాన్ని సున్నా చేద్దామనుకున్నవాళ్లు కార్బన్ డయాక్సైడ్‌ను 31 డిగ్రీలు, 74 బార్లు దాటించి, ద్రవమూ వాయువూ వేరుగా ఉండని స్థితిలో ఆరబెట్టారు. కోణం పట్టుకున్నవాళ్లు గోడలకు నీరంటని పూత పట్టించి, కోణాన్ని 90 డిగ్రీల దగ్గరికి తెచ్చారు. ఇంకొందరు ద్రవాన్నే ఘనంగా మార్చి, అది కరగకుండా నేరుగా ఆవిరయ్యేలా చేశారు. అప్పుడు లాగడానికి ద్రవపు ఉపరితలమే ఉండదు. ఒక్క సూత్రం నుంచి ఇన్ని దారులు. రెండు పక్కలా ద్రవం ఒకే వేగంతో దిగితే బలాలు చెల్లిపోతాయి కదా, మరి ఒక పక్క ముందు ఎందుకు ఆరుతోంది అన్న ప్రశ్నలో ఇంకా పని ఉందని నా నమ్మకం.

నీకు కొత్త పదార్థం కలపాలని అంతగా ఉంటే, అది చేసే పనేమిటో ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. వెర్నర్ కెర్న్ ఆర్‌సీఏ సంస్థలో 1965లో రూపొందించి, 1970లో ప్రచురించిన శుభ్రపరిచే విధానం ఇప్పటికీ ఎందుకు నిలిచి ఉందో ఆలోచించు. అమ్మోనియా, హైడ్రోజన్ పెరాక్సైడ్, నీరు 1:1:5 పాళ్లలో, 70 నుంచి 80 డిగ్రీల వేడిలో. పెరాక్సైడ్ ఉపరితలాన్ని ఆక్సైడ్ చేస్తుంది, అమ్మోనియా ఆ ఆక్సైడ్‌ను కొద్దికొద్దిగా కరిగిస్తుంది, పార్టికల్ కింద ఆధారం ఊడిపోతుంది. క్షార ద్రవంలో పార్టికల్‌కూ వేఫర్‌కూ రెండింటికీ రుణావేశమే కాబట్టి అది మళ్లీ వచ్చి అంటుకోదు. అమ్మోనియా ఎక్కువైతే సిలికాన్ గరుకవుతుందని తెలిశాక పాళ్లు బాగా పలచన చేశారు, అయినా ప్రతి పదార్థం పనీ అదే.

వేడి ఫాస్ఫారిక్ ఆమ్లం కథ వేరు. 160 డిగ్రీల దగ్గర అది సిలికాన్ నైట్రైడ్‌ను తింటుంది, ఆక్సైడ్‌ను దాదాపు ముట్టుకోదు. పేరు ఆమ్లానిది గానీ, నైట్రైడ్‌ను విడగొట్టడంలో నీటిదే పెద్ద పాత్ర. అంత వేడిలో నీరు నిరంతరం ఆవిరైపోతుంటుంది. అది పోయేకొద్దీ మరిగే ఉష్ణోగ్రత పెరుగుతుంది, ఎచ్ రేటు, అంటే నైట్రైడ్ కరిగే వేగం, మారుతుంది. అందుకే బాత్‌లోకి నీరు కొలిచి పోస్తూ ఉంటారు. ఇక నైట్రైడ్ కరిగేకొద్దీ సిలికా బాత్‌లో పేరుకుంటుంది. కొంతవరకు అది మేలే, ఆక్సైడ్ కరగడం ఇంకా తగ్గుతుంది. మోతాదు దాటిందా, అదే సిలికా ఆక్సైడ్ మీద తిరిగి పేరుకుంటుంది. డేటా దాచే త్రీడీ నాండ్ మెమరీ చిప్పు తయారీలో నైట్రైడ్, ఆక్సైడ్ పొరలు ఒకదాని మీద ఒకటి వందకు మించి ఉంటాయి. సన్నని నిలువు చీలికలోంచి ఆమ్లం లోపలికెళ్లి నైట్రైడ్ మొత్తం తీయాలి, కరిగిన సిలికా అదే దారిలో బయటికి రావాలి. లోపల ఇరుక్కుంటే ఆక్సైడ్ పొరల కొసలు ఉబ్బి దారే మూసుకుపోతుంది. ఇక్కడా అదే మాట, అమ్మలూ. ట్యాంకులో సిలికా ఎంతుందో కొలిచే సెన్సర్ ఉండవచ్చు, కానీ ఆ చీలిక అడుగున ఎంతుందో అది చెప్పదు. లోపలికీ బయటికీ మధ్య ఆ తేడాను తగ్గించే ఉపాయం ఎవరికి తడితే వాళ్లది అసలైన ఆవిష్కరణ.

నీటిని కూడా తక్కువగా చూడకు. 18.2 మెగాఓమ్-సెంటీమీటర్ల అతి శుద్ధమైన నీరు విద్యుత్తును దాదాపు పోనివ్వదు. తిరుగుతున్న వేఫర్ మీద దాన్ని నాజిల్‌తో కొడితే ఆవేశం పోగవుతుంది, ధార పడే మధ్యభాగంలో పొరలు దెబ్బతింటాయి. కొద్దిగా కార్బన్ డయాక్సైడ్ కరిగిస్తే ఆ బాధ తీరుతుంది. అయితే ఆ నీరు కాస్త ఆమ్లమవుతుంది, రాగి, కోబాల్ట్ లాంటి లోహాలు బయటికి కనిపించే వేఫర్‌కు అది పడదు. అలాంటి చోట బహు పలచని అమ్మోనియా నీటివైపు వెళ్లారు. ఒక రోగానికి మందు వేస్తే ఇంకొకటి బయటపడడం ఈ పనిలో మామూలే. ఆ రెండోదాన్ని ముందే ఊహించి రాసుకుంటే నీ పేటెంటుకు బలం.

ప్రయోగాలు చేసేటప్పుడు ఆమ్లంలో ఉన్న సమయమే కాదు, ఆమ్లం నుంచి రిన్స్‌కు (నీటితో కడగడానికి) చేరడానికి పట్టిన సెకన్లు కూడా రాసుకో. చాలామంది రెసిపీలో అది ఉండదు, ఫలితాలు ఒకరోజు వచ్చి ఇంకోరోజు రాకపోవడానికి తరచు అదే కారణం. ఏ రసాయనమూ తగలకుండా టూల్‌లో తిరిగి వచ్చిన వేఫర్‌ను ప్రతి లాట్‌లోనూ (కలిపి నడిపే వేఫర్ల గుంపులోనూ) పోలికకు ఉంచు.

ఇంకో మాట, ఇది ఆజ్ఞ అనుకో. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పలచనగా ఉంటే చర్మానికి తగిలినా వెంటనే నొప్పి తెలియకపోవచ్చు, గంటల తర్వాత లోతుగా దిగాక తెలుస్తుంది. తగిలిందని అనుమానం వచ్చినా చాలు, నీళ్లతో కడిగి, కాల్షియం గ్లూకోనేట్ జెల్ రాసి, డాక్టర్ దగ్గరికి వెళ్లు. ఆ జెల్ చేతికందే చోట లేకపోతే ట్యాంకు మూత తీయకు. వేఫర్ మీద నమూనా తేల్చడానికి వాడే ఫోటోరెసిస్ట్ డెవలపర్‌లో ఉండే టీఎంఏహెచ్ అనే క్షారం చూడ్డానికి నీళ్లలా ఉంటుంది, గాఢంగా ఉన్నది ఒంటి మీద పడి ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. సల్ఫ్యూరిక్, పెరాక్సైడ్ కలిపిన మిశ్రమాన్ని మూత బిగించి ఎప్పుడూ ఉంచకు, అందులోకి సాల్వెంట్ చుక్క కూడా వెళ్లనివ్వకు. కొత్త మిశ్రమం ఆలోచన వచ్చినప్పుడు అది వ్యర్థాల గొట్టంలో దేనితో కలుస్తుందో ముందు కనుక్కో.

పేటెంటు సంగతి. దరఖాస్తు వేసేదాకా ఎక్కడా మాట్లాడకు, పోస్టరు కూడా పెట్టకు. చాలా దేశాల్లో ముందే బయటపెడితే కొత్తదనం పోయినట్టే, అసలుకే ఎసరు. హక్కు దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు. కానీ దానికన్నా ముందు తేల్చుకోవలసింది, ఇంకొకరు నీ పద్ధతిని వాడుతున్నారని ఎలా తెలుస్తుంది అన్నది. మూసిన ఫ్యాబ్‌లో ఎవరు ఏ క్రమంలో కడిగారో పూర్తయిన చిప్‌ను చూసి చెప్పడం చాలా కష్టం. అమ్ముడయ్యే టూల్‌లో నాజిల్ ఎక్కడుంది, సీసాలో ఏముంది అన్నవి మాత్రం తెలుస్తాయి. కాబట్టి ఒకే ఆలోచనను పద్ధతిగా, పరికరంగా, మిశ్రమంగా మూడు వైపుల నుంచీ రాయించు. ఎలా చూసినా బయటికి తెలియని కిటుకైతే రహస్యంగా ఉంచుకోవడమే మేలేమో లాయరుతో కూర్చుని తేల్చుకో.

గాఢతకు గానీ వేడికి గానీ పరిధి ఇచ్చేటప్పుడు దాని రెండు కొసలకు అవతల ఏమైందో కూడా కొలిచి పెట్టు. పరిధి బయట పనిచెయ్యలేదని చూపించిన అంకెలే పరీక్షకుడి దగ్గర నిన్ను కాపాడతాయి. ఆలోచన పుట్టించినవాళ్లందరి పేర్లూ రాయి. ఆ చుక్కను ముందుగా చూపించింది రాత్రి షిఫ్టులో టెక్నీషియనే అయినా, పరిష్కారానికి అతని ఆలోచన తోడైతే అతని పేరు ఉండి తీరాలి. పని చెప్పిన పెద్దవాళ్ల పేర్లు మర్యాద కోసం చేర్చకు, హక్కు నిలవాలంటే ఆ జాబితా నిజంగా ఉండాలి.

ఈ వారంలో పాత లాట్లలో రిన్స్ తర్వాత పాడైన వేఫర్ల మ్యాపులు తీసి, ద్రవం ఆఖరున వదిలిన చోటు ప్రతిదాని మీదా పెన్సిల్‌తో గుర్తు పెట్టు. నాజిల్ ఎటు తిరుగుతుందో, వేఫర్ అంచున గుర్తుగా ఉండే గాడి ఎటు ఉందో కూడా వాటి పక్కనే రాసి నాకు పంపు. అవి చూశాక నీ మిశ్రమం సంగతి మాట్లాడుకుందాం.

ఇట్లు,
నీ బాబాయి