ఇత్తడి మైక్రోస్కోపులో 1/12 కటకం మసకబారితే

మీ తాతగారి పాత లైట్జ్ మైక్రోస్కోపులో మిగతా కటకాలు స్పష్టంగానే చూపుతున్నా, 1/12 అని చెక్కినది మాత్రం పాలపొర కప్పినట్టు చూపుతోందని, దాన్ని విప్పి కడగవచ్చా అని అడిగారు. దయచేసి విప్పకండి.

అది నూనె చుక్కలో ఆనించి వాడే కటకం. క్షయ క్రిములను, మలేరియా రక్తపు పూతలను వైద్యులు అలాంటి దానితోనే చూసేవారు. అప్పటి దేవదారు నూనెను తుడవకుండా వదిలేస్తే ఎండి, కొన మీద పసుపు జిగురులా గట్టిపడుతుంది. కంటి దగ్గరుండే కటకమైన ఐపీస్‌ను తలకిందులుగా పట్టుకుని భూతద్దంలా వాడితే ఆ పెచ్చు మీకే కనిపిస్తుంది. దాని మీద కొత్త ఇమ్మర్షన్ నూనె (ఇలాంటి కటకాన్ని ఆనించడానికి వాడే నూనె) ఒక చుక్క వేసి, కొన్ని గంటలు నాననిచ్చి, లెన్స్ కాగితంతో రుద్దకుండా అద్దండి. మిగిలిన జిడ్డును జైలీన్ అనే ద్రావకం లేశమాత్రం తగిలించిన కాగితంతో ఒక్కసారి తుడిచి, వెంటనే పొడి కాగితంతో అద్దండి. జైలీన్‌లో నానబెడితే లోపల కటకాలను అతికించిన కెనడా బాల్సమ్ కరిగిపోతుంది. శుభ్రం చేశాక కూడా నూనె చుక్క లేకుండా చూస్తే మసకగానే ఉంటుంది.

ఇత్తడికి చింతపండు మాత్రం తగలనివ్వకండి. బిందెలకు మెరుపు తెచ్చే ఆ పులుపు ఇక్కడ ఇత్తడి మీద మొదటి నుంచీ ఉన్న లక్క పూతను పాడుచేస్తుంది.