టీచరమ్మకు ఉత్తరం: ఊళ్ళకు ఊళ్ళే

ప్రశ్న: టీచర్ గారూ, గ్రూప్-2కి చదువుతున్నాను. ‘హోల్’ (whole, మొత్తం) పక్కన ఎప్పుడూ ఏకవచనమే రావాలని మా కోచింగ్ సారు చెప్పారు. ఉప్పెన గురించి ఒక ఇంగ్లీషు వ్యాసంలో ‘హోల్ విలేజెస్ వర్ వాష్డ్ అవే’ అని ఉంది. అది తప్పేనా? ‘ఆల్ ద విలేజెస్’ అనాలి కదా? – అవనిగడ్డ నుంచి ఒక పాఠకుడు

జవాబు: తప్పు కాదండీ, సరిగ్గా రాశారు. మీది దివిసీమే కాబట్టి మీ ఇంట్లో పెద్దవాళ్ళను 1977 నవంబరు 19 నాటి ఉప్పెన గురించి అడిగి చూడండి. ‘ఊళ్ళకు ఊళ్ళే కొట్టుకుపోయాయి’ అంటారు. ‘హోల్ విలేజెస్’ అంటే అచ్చంగా అదే. కొన్ని ఊళ్ళు పోయాయి, పోయిన ఊరు మాత్రం ఆసాంతం పోయింది అని. అదే ‘ఆల్ ద విలేజెస్’ అంటే ‘ఊళ్ళన్నీ’ పోయాయి, ఒక్కటీ మిగల్లేదు అని అర్థం. ఈ తేడా చెప్పడానికి ఇంగ్లీషు వాళ్ళు మాట మార్చారు. మనం ‘ఊళ్ళు’ అన్న మాటనే రెండుసార్లు పలికి ఊరుకున్నాం.

పాత ఇంగ్లీషులో ఈ మాట ‘హాల్’. దెబ్బ తగలనిది, ఆరోగ్యంగా ఉన్నది అని అర్థం. ‘హెల్త్’, ‘హీల్’ దాని తోబుట్టువులే. ముందున్న డబ్ల్యూ 15వ శతాబ్దంలో వచ్చి చేరింది, అందుకే పలకదు. నేను తొమ్మిదో తరగతికి ఈ పాఠం చెప్పేటప్పుడు ఇంటి నుంచి రెండు డబ్బా మూతల్లో మినుములు పట్టుకెళ్ళేదాన్ని. ఒకదాంట్లో గుళ్ళు, ఒకదాంట్లో బద్దలు. పిల్లలు గింజను వేళ్ళ మధ్య పెట్టుకుని నొక్కి చూసేవారు. గుండు గింజ జారిపోయేది, బద్ద అరచేతికి అతుక్కునేది. కొట్లో ప్యాకెట్టు మీద గుళ్ళకు ‘హోల్’ అనీ, బద్దలకు ‘స్ప్లిట్’ అనీ ఉంటుంది, చూడండి. విడిపోనిది ‘హోల్’. ఆ తర్వాత ఏ పిల్లా ‘ద హోల్ మనీ’ అని రాయలేదు. డబ్బు, అన్నం, నీళ్ళు గింజలా ఒక్కటిగా ఉండేవి కావు కదా. వాటికి ‘ఆల్ ద మనీ’, ‘ఆల్ ద రైస్’ అనాలి.

మీ సారు చెప్పింది చాలాచోట్ల పనికొస్తుంది, ‘ఎప్పుడూ’ అన్నమాట ఒక్కటి తీసేయండి. పరీక్షకు ఇంకొకటి గుర్తుంచుకోండి: ‘ఆల్’ అనేది ‘ద’కి ముందు, ‘హోల్’ అనేది ‘ద’కి తర్వాత. ఆల్ ద క్లాస్, ద హోల్ క్లాస్. అలాగే ఆల్ మై లైఫ్, మై హోల్ లైఫ్.

ప్రశ్న: అమ్మాయి పురిటికని డాలస్ వచ్చాను. ఇక్కడి పాల డబ్బా మీద ‘హోల్ మిల్క్’ అని ఉంది. మన ‘ఫుల్ క్రీమ్’ ఇదేనా? పెరుగు మన ఇంట్లోలాగా తోడుకోవడం లేదు. – ఒక అమ్మమ్మ

జవాబు: అమ్మా, ముందుగా శుభాకాంక్షలు. రెండూ ఒకటి కావు. వెన్న తీసెయ్యని పాలు అనే అర్థంలో అక్కడ ‘హోల్’ అంటారు. అమెరికా నిబంధన ప్రకారం వెన్న 3.25 శాతం ఉంటే చాలు. మన దగ్గర ‘ఫుల్ క్రీమ్’ అనాలంటే కనీసం 6 శాతం ఉండాలి. 3 శాతం ఉండే మన టోన్డ్ పాలకే అక్కడి ‘హోల్’ దగ్గర. మీ పెరుగు పలచబడటంలో మీ చేతి తప్పేమీ లేదు.

ఇలాంటి మాటలు వచ్చినప్పుడు ఎదురు మాట ఏమిటో అడగండి. ‘హోల్’కి ఎదురు ముక్క. ‘ఫుల్’కి ఎదురు ఖాళీ. ‘కంప్లీట్’కి ఎదురు ‘ఇంకా మిగిలింది’. గ్లాసు ‘ఫుల్’ అవుతుంది, ఇల్లు కట్టడం ‘కంప్లీట్’ అవుతుంది. మనం నిండడం, పూర్తవడం అని వేరుచేసి చెప్పేది ఇదే.

ప్రశ్న: మా అబ్బాయి ఆరో తరగతి లెక్కల పుస్తకంలో పూర్ణాంకాలు వేరు, పూర్ణసంఖ్యలు వేరు అని ఉంది. రెండూ ‘పూర్ణ’మే అయితే తేడా ఎక్కడ? – ఖమ్మం నుంచి ఒక తల్లి

జవాబు: సున్నా, ఒకటి, రెండు... ఇలా వెళ్ళేవి పూర్ణాంకాలు, ఇంగ్లీషులో ‘హోల్ నంబర్స్’. వాటికి రుణ సంఖ్యలు కూడా చేర్చితే పూర్ణసంఖ్యలు, అంటే ‘ఇంటిజర్స్’. ‘ఇంటిజర్’ అంటే లాటిన్‌లో ‘ముట్టనిది’. ‘ఎంటైర్’ కూడా ఆ మాటే, ఫ్రెంచి మీదుగా వచ్చింది. రెంటిలోనూ భిన్నం ఉండదు కాబట్టి మనవాళ్ళు ‘పూర్ణ’ అన్నారు. పేర్లు ఇంత దగ్గరగా పెట్టకుండా ఉండాల్సిందని నాకూ అనిపిస్తుంది. పిల్లలు నిజంగానే తికమకపడతారు.

ప్రశ్న: ‘గ్రేట్ బ్రిటన్’ అని వాళ్ళకు వాళ్ళే గొప్ప అని పేరు పెట్టుకున్నారా? – నంద్యాల నుంచి ఒక పాఠకుడు

జవాబు: గొప్ప అని కాదు, పెద్దది అని. ఫ్రాన్సులో బ్రిటనీ అనే చిన్న ప్రాంతం ఉంది. దానితో కలిసిపోకుండా ఈ దీవికి ‘పెద్ద బ్రిటన్’ అని పేరొచ్చింది. ‘గ్రేట్’ అసలు అర్థం లావు, దళసరి. గొప్పదనం తర్వాత వచ్చింది. మీ జిల్లా రోళ్ళపాడు అభయారణ్యం పేరు చెప్పగానే గుర్తొచ్చే బట్టమేక పిట్టకు ఇంగ్లీషులో ‘గ్రేట్ ఇండియన్ బస్టర్డ్’ అని పేరు. అక్కడా ‘గ్రేట్’ అంటే పెద్దదే. ఎగరగల పక్షుల్లో బాగా బరువైన వాటిలో అదొకటి, మగపక్షి 15 కిలోల దాకా తూగుతుంది. మన పెద్దనాన్న, పెద్దమ్మ, పెద్ద గిన్నె, పెద్ద పులి అన్నింటికీ ‘పెద్ద’ ఒక్కటే సరిపోతుంది. ఇంగ్లీషులో అన్నకు ‘బిగ్ బ్రదర్’, చొక్కాకు ‘లార్జ్’, ముత్తాతకు ‘గ్రేట్ గ్రాండ్‌ఫాదర్’. ‘లార్జ్ బ్రదర్’ అన్నారంటే అన్నయ్య ఒళ్ళు గురించి మాట్లాడినట్టవుతుంది.