జ్వరం తగ్గింది కానీ నాన్నగారు మగతగా ఉన్నారు: సమాధానం

యూరిన్ ఇన్ఫెక్షన్‌కి మాత్రలు వాడుతుండగా జ్వరం తగ్గి, మగత, పొంతనలేని మాటలు మొదలయ్యాయంటే అది మాత్రల నీరసం కాకపోవచ్చు. సెప్సిస్ అయ్యుండొచ్చు, అంటే ఇన్ఫెక్షన్‌కి శరీరం అతిగా స్పందించి సొంత అవయవాలనే దెబ్బతీసే ప్రాణాపాయ స్థితి. పెద్దవాళ్లలో జ్వరం లేకుండా, ఒళ్లు చల్లబడి కూడా వస్తుంది.

సెప్సిస్‌లో క్రిములను చంపడానికి శరీరం వదిలే రసాయనాలు ఇన్ఫెక్షన్ ఉన్న చోట ఆగకుండా ఒళ్లంతా పాకుతాయి. రక్తనాళాలు వదులై బీపీ పడిపోతుంది, వాటిలోని నీరు బయటికి ఊరిపోతుంది, సన్న నాళాల్లో రక్తం గడ్డకడుతుంది. మెదడుకీ కిడ్నీలకీ రక్తం చాలదు.

1. ముందు 108కి ఫోన్ చేయండి. మాట తేడా ఒక్కటే చాలు, రేపటిదాకా ఆగొద్దు.

2. బండి వచ్చేలోపు ఊపిరి లెక్కపెట్టండి. అందరూ వదిలేసేది ఇదే, థర్మామీటర్ చూసి ఊరుకుంటారు. లెక్కపెడుతున్నారని తెలిస్తే ఊపిరి తీరు మారిపోతుంది. అందుకని నాడి చూస్తున్నట్టు చేయి పట్టుకుని, పొట్ట ఎన్నిసార్లు లేస్తుందో నిమిషం నిండా చూడండి. 22 లేదా అంతకు మించితే ప్రమాదమే. ఆక్సీమీటర్‌లో 97 ఉందని ధీమా పడకండి, అది రక్తంలో ఆక్సిజన్ లెక్క, ఊపిరి వేగం కాదు.

3. బీపీ పై అంకె 100 లేదా అంతకంటే తక్కువ ఉందా? మూత్రం ఆఖరిసారి ఎప్పుడు పోశారు? రాసిపెట్టుకోండి.

4. క్యాజువాల్టీలో "నీరసం" అనొద్దు. "యూరిన్ ఇన్ఫెక్షన్ ఉంది, ఫలానా టైం నుంచి మాట తేడాగా ఉంది, సెప్సిస్ ఏమో చూడండి" అనండి. లాక్టేట్ (అవయవాలకు రక్తం చాలుతోందో లేదో సూచించే రక్తపరీక్ష), బ్లడ్ కల్చర్ (రక్తంలో క్రిములున్నాయేమో చూసే పరీక్ష) పంపారా అని అడగండి. రోజూ వేసుకునే బీపీ మాత్రలు ఉంటే చీటీ చూపించండి, అడగకుండా ఈ పూట వేయొద్దు.