బఫేలో ‘టి’ ఏమైంది?

ప్రశ్న: మా అమ్మాయి ఆరో తరగతి. ఈ ఏడాది బడిలో మూడో భాషగా ఫ్రెంచ్ తీసుకుంది. రాసేదొకటి, చదివేదొకటి అని రోజూ ఏడుపు. టీచర్ పలికింది తెలుగులో రాసుకొచ్చి బట్టీ పడుతోంది. ఇంట్లో ఎవరికీ ఆ భాష రాదు, దగ్గర్లో ట్యూషన్ లేదు. దానికంటే నాకే టెన్షన్ ఎక్కువైంది. మానిపించి హిందీలో చేర్పించమంటారా?
– ఒక తల్లి, ముమ్మిడివరం

జవాబు: అప్పుడే మానిపించకండమ్మా. మీ వైపు నుంచి ఎదుర్లంక వంతెన దాటితే యానాం. 1954 దాకా అక్కడ ఫ్రెంచివాళ్ల పాలనే. మా మేనత్త అక్కడి బడిలో చదువుకుంది. వంతెన లేని ఆ రోజుల్లో పంటు మీద గోదావరి దాటి మా ఊరొచ్చి, అరుగు మీద కూర్చోబెట్టి నాకు ఫ్రెంచ్ దిద్దించింది. తర్వాత 30 ఏళ్లు నేనూ అదే పాఠం చెప్పాను. మీ అమ్మాయి ఏడుపు నేనూ ఏడ్చిందే.

ఈసారి పెళ్లికెళ్తే బఫే బోర్డు చూపించండి. ఇంగ్లిష్ స్పెల్లింగులో చివర ‘టి’ ఉంటుంది, మనం బఫే అంటాం. పెళ్లికూతురి చేతిలో పెట్టే బొకే కూడా అంతే. రెండూ ఫ్రెంచ్ మాటలే. చివరి అక్షరాన్ని మింగేయడం మీ అమ్మాయికి ఇదివరకే వచ్చన్నమాట. మాట చివర ఎస్, టి, డి, ఎక్స్ చాలావరకు పలకవు. సి, ఆర్, ఎఫ్, ఎల్ చాలాసార్లు పలుకుతాయి. ‘మాట్లాడటం’ అనే మాట చివర ఆర్ ఉన్నా ‘పార్లే’ అనే అంటారు, ఇలాంటి తిరకాసులు కొన్ని తప్పవు. పలకని అక్షరం చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టమనండి.

తెలుగులో రాసుకోవడం నేరమేమీ కాదు. కొందరు టీచర్లు కోప్పడతారు కానీ నేను కోప్పడను. కాకపోతే రెండు చోట్ల మన అక్షరాలు చాలవు. ‘నువ్వు’ అనడానికి వాళ్ల మాట ‘తు’ కాదు, ‘త్యు’ కాదు. నోట్లో ‘ఈ’ అంటూ పెదవులు మాత్రం ఊదుగొట్టం పెట్టుకున్నట్టు చుట్టాలి. రెండోది ముక్కుతో పలికే అచ్చులు. ‘బోన్‌జూర్’ అని నకారం నొక్కకూడదు, నాలుక పళ్ల వైపు పోకూడదు. నా క్లాసులో పిల్లల చేత పాత పుస్తకాల్లోని అరసున్న పెట్టించేదాన్ని: బోఁజూర్. కొత్త పుస్తకాల్లోంచి తీసేసిన అరసున్న ఇలా నాకు అక్కరకొచ్చింది.

సంధులు కూడా ఉన్నాయి. ఇంగ్లిష్ ‘ది’ లాంటి ‘లె’, ‘ఆమి’ కలిస్తే ‘లామి’, అంటే స్నేహితుడు. ఏమి, అంటివి కలిసి ఏమంటివి అయినట్టే. స్నేహితులు పదిమందైతే ‘లె’ కాస్తా ‘లే’ అవుతుంది, దాని చివర అంతదాకా పలకని ఎస్ అచ్చు ఎదురవగానే ‘జ’ అయి లేస్తుంది: లేజామి. ‘వచ్చె నతడు’లో మన ద్రుతం పైకి రావడం లేదూ!

అసలు చిక్కు ఆడ, మగ. మన బల్లకీ పుస్తకానికీ ఆ గొడవ లేదు. అక్కడ బల్ల ఆడది, పుస్తకం మగది. హిందీ వస్తే సులువనుకోకండి. హిందీలో కితాబ్ (పుస్తకం) స్త్రీలింగం, చాంద్ (చంద్రుడు) పుంలింగం, ఫ్రెంచ్‌లో రెండూ తిరగబడతాయి. మాటతో పాటే ముందున్న మగ గుర్తు ‘లె’నో ఆడ గుర్తు ‘లా’నో కలిపి నేర్చుకోవడం తప్ప మందు లేదు. నా మొదటి పరీక్షలో ‘లె లీవ్ర్’ అనాల్సిన చోట ‘లా లీవ్ర్’ అని రాశాను. మొదటిది పుస్తకం, రెండోది అరకిలో తూకం. మేనత్త పేపరు చూసి, “ఏం తూచమంటావే, వంకాయలా?” అంది. ఆ తప్పు మళ్లీ చేయలేదు.

ఇక మీ పని. రాత్రి అన్నాలయ్యాక ఒక్క పావుగంట పుస్తకం మీరు పట్టుకోండి. మీ అమ్మాయి చూడకుండా పది మాటలు ‘లె’, ‘లా’ తో సహా పైకి చెప్పాలి, అర్థం మీకు తెలుగులో చెప్పాలి. మీకు ఫ్రెంచ్ రాదు కాబట్టి మీకు అర్థమయ్యేలా చెప్పక తప్పదు, ట్యూషన్ మాస్టారి దగ్గర ఆ అవసరం పడదు. అర్ధ సంవత్సర పరీక్షల దాకా ఇలా చూసి, అప్పటికీ ఏడుస్తుంటే హిందీ ఎటూ పోదు.

ప్రశ్న: ఫ్రెంచ్‌లో 80ని నాలుగు ఇరవైలు అంటారట. మరి 97?
– ఎనిమిదో తరగతి విద్యార్థి, కాకినాడ

జవాబు: నాలుగు ఇరవైలు, పది, ఏడు. 70 అయితే అరవై, పది. బెల్జియంలో, స్విట్జర్లాండ్‌లో 70కి సెప్తాఁత్, 90కి నొనాఁత్ అని విడి మాటలున్నాయి కానీ, పరీక్షలో నీ పుస్తకంలో ఉన్నదే రాయి బాబూ. ఫ్రాన్స్‌లో ఫోన్ నంబరు రెండేసి అంకెలుగా చెబుతారు. మీ నాన్నగారి నంబరును అలా విడగొట్టి రోజూ చదువు. అందులో 97 ఉంటే నీ అదృష్టం.