మలేరియాతో కొలెస్ట్రాల్ దిగింది, మాత్ర మానేయొచ్చా?

ప్రశ్న: డాక్టరుగారూ, నాకు 52 ఏళ్లు. పాడేరు దగ్గర ఆశ్రమ పాఠశాలలో టీచర్ని. రెండేళ్లుగా కొలెస్ట్రాల్ తగ్గించే అటోర్వాస్టాటిన్ మాత్ర వేసుకుంటున్నా మొత్తం కొలెస్ట్రాల్ 190 కిందికి రాలేదు. ఆగస్టులో ఫాల్సిపారం మలేరియా వచ్చి ఆస్పత్రిలో చేరితే, అక్కడి పరీక్షలో 112! హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 18, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని మరో రకం కొవ్వు) 265. ఇక మాత్ర ఆపేయనా?

జవాబు: ఆపకండి మాస్టారూ. ఆ 112 మలేరియా చలవే. ఇలాంటి రిపోర్టు మొదటిసారి చూసినప్పుడు శాంపిళ్లు తారుమారయ్యాయని ల్యాబ్ కుర్రాడితో గొడవ పెట్టుకున్నాను. మళ్లీ రక్తం తీయిస్తే అవే అంకెలు. పాపం, ఆ కుర్రాడికి టీ ఇప్పించాల్సి వచ్చింది.

పరాన్నజీవి మీద పోరాటంలో మన రోగనిరోధక కణాలు సైటోకైన్లు అనే రసాయనాలు వదులుతాయి. వాటి ప్రభావంతో ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్), హెచ్‌డీఎల్ పడిపోతాయి, ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి. మీ రిపోర్టు అచ్చం అలాగే ఉంది. పైగా మలేరియా క్రిమికి కొలెస్ట్రాల్ సొంతంగా తయారుచేసుకోవడం రాదు, మన దగ్గరే లాక్కుంటుంది.

బీహార్ పల్లెల్ని పీడించిన కాలా అజార్ జ్వరంలో ఇది ఇంకా విచిత్రం. అందులోనూ రోగి రక్తంలో కొలెస్ట్రాల్ బాగా పడిపోతుంది. ఇసుక ఈగ కుట్టినప్పుడు ఒంట్లో చేరే లీష్మేనియా క్రిమి, తనని మింగి చంపాల్సిన మాక్రోఫేజ్ కణంలోనే మకాం పెడుతుంది. పోలీస్ స్టేషన్లో దొంగ కాపురం అన్నమాట. ఆ కణం పైపొరలోని కొలెస్ట్రాల్‌ని తగ్గించేస్తుంది. పొర పట్టు సడలితే, ‘ఇదిగో శత్రువు’ అని రోగనిరోధక సైన్యంలోని టి-కణాలకు మాక్రోఫేజ్ ఆనవాలు సరిగ్గా చూపించలేకపోతుంది. కోల్‌కతా శాస్త్రవేత్తలు జబ్బు చేసిన హ్యామ్‌స్టర్లకు లైపోసోములనే సూక్ష్మమైన కొవ్వు బుడగల్లో కొలెస్ట్రాల్ ఎక్కిస్తే, వాటి రోగనిరోధక స్పందన మళ్లీ పుంజుకుంది.

అయితే నెయ్యి, గుడ్లు దట్టిస్తే జ్వరం రాదా అంటారేమో! అది సూదిమందుగా ఎలుకజాతి జంతువుల మీద చేసిన ప్రయోగం, మన వంటింటికి పనికిరాదు. అలాగని మీ కొలెస్ట్రాల్ మాత్ర వల్లే మలేరియా వచ్చిందనీ అనుకోకండి. అది దోమ పని.

ఆస్పత్రిలో డాక్టరు ప్రత్యేకంగా ఆపమంటే తప్ప మాత్ర కొనసాగించండి. మలేరియా మందు కోర్సు మధ్యలో వదిలేయలేదు కదా? పూర్తిగా కోలుకున్నాక రెండు నెలలు ఆగి, మళ్లీ లిపిడ్ ప్రొఫైల్ చేయించండి. హెచ్‌డీఎల్ 18 చూసి టెన్షన్ పడొద్దు, అదీ మెల్లగా లేస్తుంది. ఈసారి రిపోర్టు ఫొటో తీసేటప్పుడు తేదీ మీద వేలు పెట్టకండి.