సూపర్‌హీరో కథ హారర్ ఎలా అయింది?

బెంగళూరు మారతహళ్ళిలో మా పీజీ కుర్రాళ్లతో 'బ్రైట్‌బర్న్' చూశాక ఒకడు అడిగాడు, ఇది సూపర్‌మ్యాన్ కథే కదా, మరి ఇంత భయం ఎందుకేసింది అని.

కథ అదే. 2019లో వచ్చిన ఈ సినిమాలోనూ ఆకాశం నుంచి పడ్డ పసివాడిని కాన్సాస్‌లో పిల్లల్లేని దంపతులు పెంచుకుంటారు. కాకపోతే 12 ఏళ్లు వచ్చేసరికి శక్తులతో పాటు వాడిలో క్రూరత్వం కూడా నిద్రలేస్తుంది. మామూలు హారర్‌లో తలుపేసుకుంటేనో, పారిపోతేనో, పోలీసులొస్తేనో బతుకుతామని కాస్త ఆశ ఉంటుంది, కానీ ఎగిరేవాడు, చూపుతోనే కాల్చేవాడు, తూటా దిగనివాడు వెంటపడితే ఇంకెక్కడ దాక్కుంటాం? సూపర్‌మ్యాన్‌ని మంచివాడిని చేసింది పెంపకం, ఇక్కడ ఆ పెంపకమే చాలలేదు. నన్ను బాగా కదిలించింది తల్లి పాత్ర. అన్నీ కళ్లముందే కనిపిస్తున్నా మావాడు అలాంటోడు కాదని చాలాసేపు నమ్ముతూనే ఉంటుంది.